రెండు టిక్కీలు

ఎలా ఉంటుందని అడిగావు కదా హెప్సిబా,
మొన్న ఫోనులో సగమే చెప్పాను,
కాటా దగ్గర కేకలేస్తున్నారు.

మే నెలలో పెట్టుకో.
యార్డుకి సెలవులు. చుట్టుగుంట గాలిలో
ఘాటు కాస్త దిగి ఉంటుంది.
ఎండ దిగదనుకో,
ఎలాగూ గడప దాటవు.

కొత్తపేటలో రెండో అంతస్తు. లిఫ్టు పనిచేయదు.
డాక్టరమ్మ చిన్నపిల్ల,
అద్దం నా చేతికిచ్చి
"మీకేం కనిపిస్తోంది?" అంది.
రెండు టిక్కీలు అన్నాను.
ముప్పయ్యేళ్ళుగా రాస్తున్నవి అవే కదా,
తేజ ఇన్ని, బాడిగ ఇన్ని, తాలు ఇన్ని.
ఈ రెండే ఏ పద్దుకీ ఎక్కలేదు.

ఆమె నవ్వలేదు.
కింది రెప్పని వేలితో లాగి వదిలింది,
ఎంత వేగంగా వెనక్కి పోతుందో చూసుకుంది.
"సంచి తీస్తాను. నలుపు పోతుందని చెప్పలేను.
నవ్వితే పడే గీతలు ఉంటాయి.
నిద్ర మీరే తెచ్చుకోవాలి."
సరుకులో తాలు ఎంతుందో
ముందే విప్పి చూపించిన మనిషిని
నేను యార్డులో ఎరగను.
అక్కడికక్కడే సంతకం పెట్టాను.

మత్తు సగమే.
సూది మంట ఒక్కటే మంట,
ఆ తర్వాత పక్కింట్లో ఎవరో
జాకెట్టు కుట్టుకుంటున్నట్టుంటుంది.
ఒక కమురు వాసన వస్తుంది.
అది నీదే. ముందే చెబుతున్నా, బెదరకు.
తీసింది చూపించమన్నాను.
గాజు పళ్ళెంలో పసుపుపచ్చగా, వెన్న తీరున,
రెండు కళ్ళదీ కలిపి చిటికెడు.
దీనికా ఇన్నేళ్ళు అందరూ నన్ను జాలిపడింది!

మూడో రోజు అద్దం చూడకు.
చూస్తావు, తెలుసు.
వంకాయ రంగు, పై వారానికి ముదిరిన దోసపండు రంగు,
ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక.
రెండు దిళ్ళెత్తున పడుకోవాలి,
సింహాద్రిలో కిటికీ సీటు దొరికినవాళ్ళలాగా.
మందు రాశాక లోకమంతా నూనె కాగితం వెనక.
వంగకూడదు. పడిన పిన్నీసు పడినచోటే ఉంటుంది.
ప్రార్థన కూర్చునే చేసుకో, తల వంచకుండా,
మీ దేవుడేమీ అనుకోడు.
ఆరో రోజు కుట్లు, చీమ కుట్టినంత.
కన్ను పోటు పెట్టినా, చూపు మసకేసినా
తెల్లారనీ అని ఆగకు,
అర్ధరాత్రయినా ఆ పిల్లని లేపు.

జూన్‌లో నల్లద్దాలతో కొట్టు తెరిచాను.
ముఠామేస్త్రి నాగుల్‌మీరా తెలుసుగా,
ఇరవయ్యేళ్ళుగా పొద్దున్నే ఒకటే పలకరింపు:
"ఏమ్మా, రాత్రి నిద్రపోలా?"
విసుక్కునేదాన్ని. ఆ మాటకే కదా
గాజులు అమ్మి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.
అద్దాలు తీశాను.
కాసేపు చూశాడు. ఏమీ అడగకుండా
టిక్కీ భుజానికెత్తుకున్నాడు.
నా చెవి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆగస్టులో ఒక రాత్రి నిజంగానే నిద్రపోలేదు.
ఎందుకో నీకు తెలుసు, నీకొక్కదానికే.
పొద్దున కొట్లో ఎవరికీ అంతు చిక్కలేదు.
"కళకళలాడుతున్నావమ్మా" అన్నాడు మీరా.

ఇది మాత్రం డాక్టరమ్మ చెప్పలేదు:
ఇంతకుముందు కన్నీరు
ఆ మడతలో కాసేపు ఆగేది,
పైటచెంగు అందేదాకా.
ఇప్పుడు ఆగడానికి చోటు లేదు.
తిన్నగా పద్దు మీదే.
తేజ, నాలుగువందల పన్నెండు దగ్గర
సిరా చెదిరింది.

ఘాటు, అన్నాను.
ఆ ఒక్క అబద్ధం ఇంకా చెల్లుతోంది.

వెళ్ళు, చేయించుకో. వద్దనడం లేదు.
నాకైతే మళ్ళీ పెట్టమన్నా పెట్టించుకోను.
ఐసు మాత్రం ఎక్కువ తెచ్చిపెట్టుకో,
మధ్యాహ్నం కరెంటు పోతుంది.